చెడ్డ నెలలో ఇల్లు గడుస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. గుంటూరులో అద్దె ఇంట్లో ఉంటూ విజయవాడలోని ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో 4 ఏళ్ల 4 నెలలుగా పనిచేస్తున్నాను. చేతికందే జీతం 44,000 రూపాయలు. మూడేళ్ల క్రితం ఒక తెలుగు బ్లాగు మొదలుపెట్టి ఉద్యోగ ప్రకటనలు, పోటీ పరీక్షల సిలబస్, ప్రభుత్వ పథకాలకు దరఖాస్తు చేసే పద్ధతి వంటి విషయాలను అందరికీ అర్థమయ్యేలా వివరిస్తున్నాను. రోజూ రైల్లో వెళ్లి వచ్చేటప్పుడు ఫోన్‌లో టపా (బ్లాగు వ్యాసం) రాసుకుని, రాత్రి 10 దాటాక సరిచూసి పెడుతుంటాను. 2025లో బ్లాగు మీద మొత్తం 4,20,000 రూపాయలు వచ్చింది. అంటే నెలకు సగటున 35,000. అంతా గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనల నుంచే. ఇంటి ఖర్చు నెలకు 32,000. బ్యాంకులో 1,40,000 దాచాను. పూర్తి సమయం బ్లాగుకే ఇస్తే ఆదాయం రెట్టింపవుతుందని నా నమ్మకం. నా భార్య ‘నీ ఇష్టం’ అంటోంది. నాన్నగారు ససేమిరా వద్దంటున్నారు. ఆయనకు మధుమేహం ఉంది, నా కంపెనీ బీమాలోనే వైద్యం జరుగుతోంది. నేను ఎప్పుడు రాజీనామా ఇవ్వవచ్చు? నెలవారీ లెక్క జతచేస్తున్నాను.
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ విషయమై నాకు రాసేవారిలో చాలామంది తమకు ఎక్కువ డబ్బు వచ్చిన ఒక్క నెల సంగతి మాత్రమే చెప్పి సలహా అడుగుతారు. మీరు పన్నెండు నెలల లెక్కా పంపారు. అందుకు ధన్యవాదాలు. మీ ప్రశ్నకు జవాబు కూడా ఆ కాగితంలోనే ఉంది కాబట్టి దాన్నే ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

ఏప్రిల్‌లో 48,000, మేలో 71,000, జూన్‌లో 64,000, సెప్టెంబరులో 52,000 వచ్చాయని రాశారు. ఆ నెలల్లో ఏం జరిగిందో మీకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన 2025 ఏప్రిల్‌లో వెలువడింది, జూన్, జులైలలో పరీక్షలు జరిగాయి, సెప్టెంబరులో తుది ఎంపిక జాబితా వచ్చింది. లక్షలాది అభ్యర్థులు సిలబస్ కోసం, హాల్ టికెట్ల కోసం, కీ కోసం, కటాఫ్ మార్కుల కోసం వెతికిన కాలమది. ఆ నాలుగు నెలల్లోనే మీకు 2,35,000 వచ్చింది. దాన్ని పక్కన పెడితే మిగిలిన ఎనిమిది నెలలకు 1,85,000, అంటే నెలకు 23,125 రూపాయలు. ఫిబ్రవరిలో వచ్చింది 17,000 మాత్రమే. ఏడాది సగటు 35,000 అన్న మాట లెక్కకు నిజమే అయినా మీ ఇంటి యజమాని అద్దెను నెలనెలా అడుగుతాడు గానీ ఏడాది సగటు చూసి అడగడు. అంత పెద్ద డీఎస్సీ ఏటా రాదు. అది లేని సంవత్సరాన్ని ఊహించి, నెలకు 23,125 చొప్పున పన్నెండు నెలలకు లెక్క కడితే 2,77,500 అవుతుంది. మీ ఇంటి ఖర్చు ఏడాదికి 3,84,000. లోటు 1,06,500. మీరు దాచుకున్న 1,40,000లో ఆ ఒక్క ఏడాదికే 33,500 మిగులుతుంది.

ఈ లెక్కను ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నేనొకసారి దాన్ని వేయకుండానే రాజీనామా చేశాను. 2012లో మొబైల్ ఫోన్ల గురించి ఒక బ్లాగు నడుపుతూ, వరుసగా మూడు నెలలు జీతం కన్నా ఎక్కువ రావడంతో, ఇక ఎప్పటికీ అలాగే వస్తుందని గట్టిగా నమ్మి ఉద్యోగం వదిలేశాను. 14 నెలల తర్వాత సెర్చిలో మా పేజీల స్థానం పడిపోయి, వచ్చే పాఠకులు మూడో వంతు కూడా మిగలలేదు. తప్పు నాదా, సెర్చి యంత్రానిదా అని ఆలోచించే తీరిక కూడా లేకుండా, పాత జీతం కన్నా తక్కువకు మరో ఉద్యోగంలో చేరాను. రెండోసారి 2017లో వదిలేముందు మాత్రం పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొని, 18 నెలల పాటు ప్రతి నెలా మూడు గడులు నింపాను: బ్లాగు సంపాదన, ఇంటి ఖర్చు, ఆ డబ్బు ఏ దారిన వచ్చింది. ఇంటి ఖర్చు కన్నా తక్కువ వచ్చిన నెల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ని. మొదటి పేజీలో పన్నెండింట ఏడు సున్నాలున్నాయి. రెండో పేజీలో ఆరు నెలలకు ఒక్కటే ఉంది. రాజీనామా లేఖ రాసింది ఆ రెండో పేజీ చూసుకున్నాకే. మీరూ సున్నాలు చుట్టి చూడండి. మీ పుస్తకంలో ఇప్పుడు ఏడు వస్తాయి, ఎందుకంటే జులైలో వచ్చిన 33,000 ఒక్కటే ఆ ఎనిమిది నెలల్లో ఖర్చును దాటింది. మంచి నెలను చూసి కాక చెడ్డ నెలను చూసి తీసుకోవలసిన నిర్ణయం ఇది.

ఇక 32,000 అన్న ఖర్చు కూడా ఉద్యోగం మానేశాక అంతే ఉండదు. జీతపు చీటీలో మీ కంటికి కనబడకుండా కంపెనీ కడుతున్న భవిష్యనిధి వాటా, కుటుంబానికి ఆరోగ్య బీమా, జీతంతో కూడిన సెలవులు, ఇవన్నీ రేపు మీ జేబులోంచే పోవాలి. బ్లాగుకయ్యే హోస్టింగ్, డొమైన్ ఖర్చులు ఎలాగూ ఉన్నాయి. నా అంచనాలో మీ అసలు ఖర్చు నెలకు 37,000 దగ్గర తేలుతుంది. ఆదాయపు పన్ను గురించి మీకిప్పుడే దిగులు అక్కర్లేదు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడకుండా రిబేటు ఉంది, మీ జీతమూ బ్లాగు ఆదాయమూ కలిపినా అంతకు లోపే. అయితే ప్రకటనల ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా చూపి రిటర్ను వేయాలి. జీతగాళ్లు వేసే సాధారణ ఫారం పనికిరాదు. అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి సంస్థ ఇచ్చే మొత్తం, దాని విషయం మీ ఉత్తరంలో లేదు. అది మరిచిపోయారేమోనని నా అనుమానం. 1972 నాటి చట్టం మొదలుకొని నేటి దాకా శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండాలన్నది సాధారణ నియమం. మీకు ఇంకో 8 నెలలు తక్కువ. మూల వేతనం 22,000 అని జతచేసిన కాగితంలో కనబడుతోంది. దాన్ని 26తో భాగించి 15తో, తర్వాత 5తో హెచ్చిస్తే 63,461 రూపాయలు వస్తుంది. మీ ఇంటికి ఇది రెండు నెలల గ్రాసం. ఎనిమిది నెలల ఓపికకు ఇంత దొరుకుతున్నప్పుడు వదులుకోవడం భావ్యం కాదు. భవిష్యనిధి డబ్బును మాత్రం పెట్టుబడిగా లెక్కలో వేసుకోకండి. ఐదేళ్లు నిండకుండా తీస్తే దాని మీద పన్ను పడుతుంది, పదేళ్ల సర్వీసు ఉంటేనే పింఛనుకు అర్హత వస్తుంది.

నాన్నగారి సంగతి దీనికన్నా ముఖ్యం. కంపెనీ బీమాలో ఆయన మధుమేహానికి వేచి ఉండే కాలం లేకుండానే వైద్యం జరుగుతూ ఉండవచ్చు. మీరు ఉద్యోగం నుంచి బయటికొచ్చాక ఆ రక్షణ ఉండదు. కొత్తగా వ్యక్తిగత పాలసీ తీసుకుంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగవలసి రావచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే, అంటే ఈ ఏడే, ఆయన పేరిట పాలసీ తీసుకుని ఆ కాలాన్ని మొదలుపెట్టేయండి. కంపెనీ బృంద బీమా నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో కూడా మీ హెచ్‌ఆర్ విభాగంలో లిఖితపూర్వకంగా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్‌టీ ఎత్తివేశారు కనుక భారం కొంత తగ్గింది. నాన్నగారు వద్దంటున్నది మీ రాతను కాదనీ, ఆస్పత్రి బిల్లు తలచుకుని భయపడుతున్నారనీ నాకు అనిపిస్తోంది. పాలసీ కాగితం ఆయన చేతిలో పెట్టి చూడండి.

ఆదాయమంతా ఒకే చోటు నుంచి రావడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతోంది. యాడ్‌సెన్స్ తెలుగు పేజీలను అంగీకరించడం మొదలైంది 2018 సెప్టెంబరులో. అంతకుముందు తెలుగులో రాసేవారికి ఆ దారే లేదు. అది మనకు పెద్ద మేలే చేసింది. కానీ ఆ దారికి గేటు వేరొకరి చేతిలో ఉంది. సెర్చి నియమాలు మారినప్పుడు చిన్న బ్లాగులకు పాఠకులు ఎలా తగ్గిపోతారో 2023 సెప్టెంబరులో గూగుల్ సెర్చిలో వచ్చిన మార్పు తర్వాత చాలామంది చూశారు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా ఏఐ ఓవర్‌వ్యూ పేరిట సెర్చి పేజీ మీదే జవాబు కనబడుతోంది. ‘ఫలానా పరీక్షకు వయోపరిమితి ఎంత’ అని వెతికినవాడికి జవాబు అక్కడే దొరికితే మీ పేజీ దాకా ఎందుకు వస్తాడు? మీ బ్లాగులో సగానికి పైగా టపాలు అలాంటి ఒక్క ముక్క జవాబులే. మరోవైపు, దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఏ కార్యాలయంలో ఎవరిని కలవాలి, ఏ కాగితం తీసుకెళ్లాలి అని మీరు వివరించిన టపాలున్నాయి. వాటి కింద జనం తమ కష్టాలు చెప్పుకుంటున్నారు, మీరు రాత్రి పూట ఓపికగా ఒక్కొక్కరికీ జవాబిచ్చారు. వాటిని చదువుతూ చాలాసేపు ఉండిపోయాను. మీ అసలు బలం అక్కడుంది. ఆ పాఠకులు సెర్చి ద్వారా కాకుండా నేరుగా మీ దగ్గరకు వచ్చేలా వాట్సాప్ చానెలో టెలిగ్రామ్ చానెలో పెట్టండి. నమూనా పరీక్షలను తక్కువ ధరకు అమ్మి చూడండి. స్థానిక కోచింగ్ కేంద్రాల నుంచి నేరుగా ప్రకటనలు తీసుకోండి. మొత్తం ఆదాయంలో మూడో వంతైనా గూగుల్‌తో సంబంధం లేకుండా రావాలి.

మన దేశంలో తొలి వృత్తి బ్లాగరుగా పేరున్న అమిత్ అగర్వాల్ హైదరాబాద్‌లో చేస్తున్న ఐటీ ఉద్యోగం వదిలి 2004లో ఈ దారి పట్టారు. ఆయన ఉదాహరణ చెప్పి ధైర్యం తెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. అయితే ఆయన ఇంజినీరు. తర్వాతి కాలంలో గూగుల్ షీట్స్, జీమెయిల్ వంటి వాటికి అనుబంధంగా పనిచేసే ఉపకరణాలను తానే తయారుచేసి జనానికి అందించారు. బ్లాగుతో మొదలైన పని బ్లాగు ప్రకటనల దగ్గరే ఆగిపోలేదన్నది అందులో గమనించవలసిన సంగతి.

రెట్టింపు ఆదాయం గురించి మీకున్న నమ్మకాన్ని పరీక్షించడానికి ఒక మార్గముంది. మిగిలిన ఆర్జిత సెలవుల్లోంచి వరుసగా రెండు వారాలు తీసుకుని, ఆ రోజులను బ్లాగు ఉద్యోగంలాగే గడపండి. ఉదయం 9కి కూర్చోండి. నా అనుభవంలో, ఇంట్లో ఉన్న మనిషికి గ్యాస్ సిలిండరు దించుకోవడం, బడి నుంచి పిల్లను తీసుకురావడం, బ్యాంకు పని, కరెంటు బిల్లు అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ‘ఇంట్లోనే ఉన్నావు కదా’ అన్న మాటలో ఎవరి తప్పూ లేదు. కానీ తొమ్మిది గంటలు మిగులుతాయనుకున్నవాడికి నాలుగు మిగులుతాయి. రైల్లో నిలబడి రాసిన టపాకు ఉన్న పదును ఖాళీగా ఉన్న పగటి పూట ఒక్కోసారి రాదు కూడా. రెండు వారాల్లో ఎన్ని మంచి టపాలు రాశారో, అందులో చానెల్ పనికీ నమూనా పరీక్షల పనికీ ఎంత సమయం దక్కిందో రాసిపెట్టుకోండి.

మీ భార్య అన్న ‘నీ ఇష్టం’ అంగీకారం కాదు. భయాన్ని బయటపెట్టకుండా పక్కకు తప్పుకున్న మాట అది. ఒక ఆదివారం ఆమెతో కూర్చుని, నేను పైన వేసిన లోటు లెక్కను దాచకుండా చూపించి, ఎన్ని నెలలు వరుసగా లోటు వస్తే తిరిగి ఉద్యోగం వెతుక్కోవాలో ఇద్దరూ కలిసి ఒక అంకె నిర్ణయించుకోండి. మా ఇంట్లో అది ఐదు నెలలు. ఆ అంకె ముందే ఉండడం వల్ల నా భార్య నిద్రపోగలిగింది, నేను రాయగలిగాను.

ఎప్పుడని అడిగారు. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాక, పెద్ద పరీక్షలు లేని నెలల సగటు 37,000కు చేరాక, ఏడాది ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడ్డాక. ఈ మూడూ కలిసి వచ్చిన నెలలో నోటీసు ఇవ్వండి. యాడ్‌సెన్స్‌లో ఒక నెల సంపాదన తర్వాతి నెల 21 దాటాక గానీ చేతికి రాదు కాబట్టి ఆ విరామానికి సరిపడా డబ్బు వేరుగా ఉంచుకోండి. ఇల్లు కొనే ఆలోచన ఉంటే, స్వయం ఉపాధిలో ఉన్నవారిని బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయని గుర్తుంచుకోండి. మీ నియామక పత్రంలో బయటి ఆదాయాన్ని నిషేధించే షరతు ఉందేమో కూడా ఈ వారమే చదవండి. ఉంటే సంస్థకు తెలిపి అనుమతి తీసుకోవడమే మంచిది.

ప్రశ్న: నేను విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలిని. జీతం 28,000. పదకొండేళ్లుగా ఉత్తరాంధ్ర పల్లెల నుడికారం, పాటలు, పండుగల గురించి బ్లాగులో రాస్తున్నాను. ప్రకటనల మీద నెలకు 1,500 కూడా రాదు. విదేశాల్లో ఉన్న పాఠకులు కొందరు, ‘మీరు ఉద్యోగం మానేసి ఊళ్లు తిరిగి రాయండి, మేం డబ్బు పంపుతాం’ అంటున్నారు. అలా చెప్పినవారు 60 మంది దాకా ఉన్నారు. జూన్‌లో కళాశాల తెరిచేలోపు మానేయమంటారా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తెలుగు బ్లాగులన్నిటి టపాలనూ ఒకేచోట చూపే కూడలి, జల్లెడ వంటి సంకలినులు తెరిచి కొత్త టపాల కోసం ఎదురుచూసిన తరం వాణ్ని నేను. పైసా ఆశించకుండా తెలుగులో రాసినవారి వరుసలో మీరూ ఉన్నారు. మీరు ఊళ్లు తిరిగి రాయాలని ఆ 60 మంది ఎంత కోరుకుంటున్నారో నేనూ అంతే కోరుకుంటున్నాను. అందుకే తొందరపడవద్దని చెబుతున్నాను.

అమెరికాలో జేసన్ కాట్కీ అనే బ్లాగరు 1998 నుంచి తన పేరిటే ఒక బ్లాగు నడుపుతూ, 2005 ఫిబ్రవరిలో వెబ్ డిజైన్ పని మానేసి, పాఠకులే తనను పోషించాలని బహిరంగంగా అడిగాడు. మూడు వారాల్లో 1,450 మంది కలిసి 39,900 డాలర్లు ఇచ్చారు. అంత ఆదరణ దొరికినా ఏడాది తిరిగేసరికి, ఆ పద్ధతిని అలాగే కొనసాగించలేనని తనే ప్రకటించాడు. బ్లాగును మాత్రం ఆపలేదు, చాలా ఏళ్ల తర్వాత 2016లో సభ్యత్వాల రూపంలో మళ్లీ పాఠకుల దగ్గరకు వెళ్లాడు. మొదటి పిలుపుకు వచ్చే స్పందనలో ఏళ్ల తరబడి పోగుపడిన అభిమానమంతా ఒక్కసారే బయటికొస్తుంది. రెండో ఏడు మళ్లీ అంత రావాలంటే కష్టం.

మీ జీతం ఏడాదికి 3,36,000. ఒక్కొక్కరు ఏటా 1,000 రూపాయలు కడితే 336 మంది కావాలి, వారంతా మరుసటి ఏడాది మళ్లీ కట్టాలి. మాట ఇచ్చింది 60 మంది. అందులో ఎందరు నిజంగా కడతారో ఉద్యోగంలో ఉండగానే తేల్చుకోండి. వచ్చే నెలే ఏడాది చందా ప్రకటించి, కట్టినవారికి నెలకొక ఊరి కథనాన్ని ముందుగా పంపండి. ఇంకొక మాట. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు విరాళంగా పంపే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పరిధిలోకి వస్తుంది. అందించే రాతకు ప్రతిఫలంగా చందా తీసుకోవడం వేరు, విరాళం తీసుకోవడం వేరు. డబ్బు రాకముందే చార్టర్డ్ అకౌంటెంటును కలిసి, అది ఏ పేరుతో రావాలో నిర్ణయించుకోండి.

జూన్‌లో పూర్తిగా మానేయడం కన్నా, మీ ప్రిన్సిపాల్‌ను కలిసి వారానికి మూడు రోజుల తరగతులకు మారే వీలుందేమో అడగండి. జీతం సగమైనా చేతిలో నాలుగు రోజులు ఉంటాయి. శ్రీకాకుళం వైపు ఒక ఊరికి వెళ్లి, ఒక రాత్రి ఉండి, ముసలివారితో మాట్లాడి రావడానికి అవి చాలు. మీరు గత జనవరిలో కనుమ గురించి రాసిన టపాలో, ఎద్దు మెడలో కట్టే గంటల పేర్లు ఒక అవ్వ చెప్పగా రాసుకున్నారు కదా. ఆ పేర్లు ఇంకా ఎవరికి గుర్తున్నాయో వెతకడానికి ముందుగా ఆ ఊరికే మళ్లీ వెళ్లండి.